ఊరి పెద్దరికానికి లెక్క ఉండాలె

పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల ఊర్లల్ల రెండు సర్కార్లు నడుస్తయి. ఒకటి ఓట్లతో గెలిచేది. రెండోది బొడ్రాయి కాడ కూసునేది. మొదటిదానికి సర్పంచ్ ఉంటడు, కార్యదర్శి ఉంటడు, చెక్‌బుక్ ఉంటది, ఆడిట్ ఉంటది. రెండోదానికి జీతం లేదు, భత్యం లేదు, ఏ గెజిట్‌లో పేరు లేదు. అయినా ఊరి బోరు మోటారు కాలిపోతే జనం ముందుగాల పోయేది రెండోదాని దగ్గరికే. అదే గ్రామాభివృద్ధి కమిటీ. జగిత్యాల నుంచి నిర్మల్ దాకా, ఆ పక్కనున్న నిజామాబాద్ జిల్లా అంతటా అందరి నోట్ల నానిన పేరు వీడీసీ.

ఈ కమిటీ పెద్దలు ఎవరు? ఎవుసం చేసుకునే రైతు, దుబాయ్ నుంచి తిరిగొచ్చిన మనిషి, రిటైరైన సారు, కులసంఘం పెద్ద. తన పొలం పని విడిచి ఊరి పనికి పోతడు. తన బండిల తన పెట్రోలు పోసుకొని మండల ఆఫీసు చుట్టూ తిరుగుతడు. ఇసొంటోళ్లు ఊరికి ఆస్తి. అందుల మాకు అనుమానం లేదు. కానీ జీతం తీసుకోకపోవుడు వేరు, లెక్క చెప్పకపోవుడు వేరు. పైస తీసుకోకుండ పని చేస్తున్న కాబట్టి నన్ను ఎవరూ అడగొద్దు అన్న మాట ఎవరి నోట్లకెల్లి వచ్చినా, అది పాత గడీ మాటనే. ఈ వారం మేం చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ఖాళీ అయిన కుర్చీ

కమిటీలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాటికో చరిత్ర ఉన్నది. నిజాం కాలం నుంచి మన ఊర్లను ఏలింది మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ. వాళ్ల వెనుక దొర. శిస్తు లెక్క వాళ్లదే, పంచాతి వాళ్లదే, దండుగ వాళ్లదే. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర నడిచింది. కూలీలు, పాలేర్లు, చిన్న రైతులు వేలాదిగా కదిలిండ్రు. ఆ తర్వాత సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ కొట్లాటల తర్వాత ఎందరో దొరలు ఊరు విడిచి పట్నం దారి పట్టిండ్రు. 1980ల నడుమ పటేల్, పట్వారీ వ్యవస్థ కూడ రద్దయింది. తాలూకాలు పోయి మండలాలు వచ్చినయి.

ఊర్ల పెద్దరికం కుర్చీ ఖాళీ అయింది. కానీ ఊరి పనులు ఆగవు కదా. చెరువు తూము ఎవరు ఎత్తాలె, నీరటికి ఎవరు ఇయ్యాలె, బోనాలు ఏనాడు తీయాలె, పశువులు చేన్ల పడితే ఎవరు పంచాతి చెప్పాలె? ఆ ఖాళీలకెల్లి కమిటీ పుట్టింది. కులానికి ఒకరో ఇద్దరో మనుషులను పంపుతరు. అధ్యక్షుడు, క్యాషియర్ ఉంటరు. చానా ఊర్లల్ల ఏడాదికోసారి మారుతరు. గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన కులాలు ఒక్క జంపుఖానా మీద కూసొని ఊరి సంగతి మాట్లాడుకోవుడు చిన్న మార్పు కాదు. కమిటీలను విమర్శించెటోళ్లు ఈ సంగతి మరిచిపోవద్దు.

సర్కారు కూడ ఈ కమిటీలకు బలం ఇచ్చింది, తెలిసో తెలువకనో. 2011 ఆగస్టులో పంచాయతీల గడువు ముగిస్తే 2013 జులై దాకా ఎన్నికలు లేవు. రాష్ట్రం వచ్చినంక కూడ తీరు మారలేదు. 2018 ఆగస్టు నుంచి 2019 జనవరి దాకా ప్రత్యేకాధికారుల పాలన. 2024 ఫిబ్రవరి మొదట్ల పాలకవర్గాలు దిగిపోతే మళ్లా 2025 డిసెంబర్‌లో గాని ఎన్నికలు రాలేదు. ఐదారు ఊర్లకు ఒక అధికారి అయితే ఆ అధికారికి ఊరి బోరు సంగతి ఏం ఎరుక? ఆ దినాలల్ల వీధిదీపం కాడ నిలబడ్డది కమిటీ మనిషే.

చెమటకు దండం

కమిటీలు ఏం చేసినయో చెప్పకుండ తప్పులు ఎంచితే అది న్యాయం కాదు. శుద్ధి నీళ్ల ప్లాంటు పెట్టించిన ఊర్లున్నయి. సర్కారు బడిల సార్లు తక్కువ పడితే ఊరి పైసలతోని విద్యా వాలంటీరును పెట్టుకున్న ఊర్లున్నయి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ కోసం కరెంటు ఆఫీసు ముంగట కూసున్నది కమిటీ. కాకతీయ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతే ఇంజినీరును నిలదీసింది కమిటీ. కోతులు పంటను బతకనియ్యకపోతే పట్టెటోళ్లను పిలిపించింది కమిటీ. శ్మశానానికి తొవ్వ, ఫంక్షన్ హాలు, చెరువు కట్ట మీద బతుకమ్మ ఆడే జాగ, ఇవన్ని గట్లనే వచ్చినయి.

ఉద్యమంల కూడ వీళ్ల చెయ్యి ఉన్నది. 2009 నవంబర్ 29న కరీంనగర్ కాడ అలుగునూరులో నిరాహార దీక్షకు పోతున్న కేసీఆర్‌ను అరెస్టు చేసినంక రాష్ట్రం భగ్గుమన్నది. ఆ తర్వాత ఊరూరా రిలే దీక్షల టెంట్లు లేచినయి. 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 దినాలు సకల జనుల సమ్మె నడిచింది. సింగరేణి బొగ్గు బాయిల కాడ, బస్సు డిపోల కాడ, బడుల కాడ సమ్మె చేసింది ఉద్యోగులు, కార్మికులు. రోడ్డు మీద వంటా వార్పుకు బియ్యం మోసింది, టెంటుకు కిరాయి కట్టింది ఊరి మనుషులు. ఎవని రశీదుల వాని పేరు లేదు. ఆ పేరు లేని చాకిరికి మేం దండం పెడుతున్నం.

కానీ దండం పెట్టిన చేతితోనే లెక్క పుస్తకం కూడ అడగాలె. ఎందుకు అడగాలెనో ఇప్పుడు చూద్దం.

రోడ్డు ఎవరి పైసలతో పడ్డది?

కమిటీకి సర్కారు నిధులు లేవు. మరి పైసలు ఏడికెల్లి వస్తయి? చందాలు కొన్ని. చెరువు చేపల వేలం, ఇసుక, కోడి కూర దుకాణం, కల్లు. వీటన్నిటిని మించి చానా ఊర్లల్ల పెద్ద ఆమ్దానీ బెల్టు షాపు వేలం. బెల్టు షాపుకు లైసెన్సు ఉండదు, అది చట్టానికి విరుద్ధం. తనది కాని, చట్టంల లేని హక్కును కమిటీ వేలం వేసి అమ్ముతున్నదన్నమాట.

లెక్క చేసి చూద్దం. ఒక ఊర్ల ఒకాయన బెల్టు షాపును ఐదు లక్షలకు పాడిండనుకుందం. ఏడాదికి 365 దినాలు. అంటే కమిటీకి కట్టిన పైసలు తిరిగి రావాలంటే దినానికి 1,370 రూపాయలు ఎక్కువ రాబట్టుకోవాలె. క్వార్టర్ సీసా మీద ధరకన్న 20 రూపాయలు ఎక్కువ వేస్తే, దినాం 69 సీసాలు అమ్మాలె. ఆయన లాభం ఇంకా మొదలే కాలేదు. దినానికి రెండు క్వార్టర్లు తాగే కూలీ మనిషి ఈ ఎక్కువ ధర కిందనే ఏడాదికి 14,600 రూపాయలు ఇచ్చుకుంటడు. ఇట్లాంటి ఇండ్లు 35 ఉంటే కమిటీ ఐదు లక్షలు నిండుతయి.

ఇప్పుడు చెప్పండి, ఆ ఊరి సిమెంటు రోడ్డు ఎవరి పైసలతో పడ్డది? ఊరిల భూమి ఎక్కువున్నోళ్లు ఇచ్చిన పైసలతో కాదు. బీడీలు చుట్టి ఇల్లు గడిపే ఆడమనిషి మొగుడు తాగి తగలేసిన పైసలతో పడ్డది. ఆ రోడ్డు మీద ట్రాక్టరు నడిపేది ఇంకొకరు. ఇది అభివృద్ధి కాదు, పేదోని మీద వేసిన పన్ను. ఏ అసెంబ్లీ వేయని పన్ను. ఏ ఆడిట్‌కు అందని పన్ను.

వేలం పాటకు అలవాటు పడ్డ చెయ్యి బెల్టు షాపు కాడ ఆగదు. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్ల సర్పంచ్ పదవిని వేలం వేసిండ్రన్న వార్తలు వస్తనే ఉన్నయి. గుడి కడతం, పాట పాడినోళ్లే ఏకగ్రీవం అంటరు. గుడి మంచిదే. కానీ ఓటు హక్కును అమ్మి కట్టిన గుడిల దేవుడు కూసుంటడా? పదవి ఎస్సీ మహిళకు రిజర్వు అయిన ఊర్ల పాట పాడేది ఎవరో, కుర్చీ వెనుక నిలబడేది ఎవరో మన పాఠకులకు చెప్పనక్కర లేదు.

దొర మీద దూసిన కత్తి

అన్నిటికన్న మమ్మల్ని కలత పెట్టేది బహిష్కరణ. దీని చరిత్ర తెలిసినోళ్లకు గుండె మండుతది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల కూలీలు దొరల మీద వాడిన ఆయుధం ఇదే. దొరకు చాకలి బట్టలు ఉతుకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాడు పశువుల కాడికి పోలేదు. తుపాకీ లేని జనం, పోలీసు లేని జనం, తమ చాకిరిని ఆపుకొని గడీని గడగడ వణికించిండ్రు. బలం లేనోళ్లు బలం ఉన్నోళ్ల మీద దూసిన కత్తి అది.

అదే కత్తి ఇయ్యాల ఎటు తిరిగింది? ఊరి మాట వినలేదని, దండుగ కట్టలేదని, పోలీస్ స్టేషన్‌కు పోయిండని, ఒక ఇంటిని, ఒక్కోసారి మొత్తం ఒక వాడను ఊరు వెలివేస్తున్నది. ఆ ఇంటోళ్లతోని మాట్లాడితే ఇంత దండుగ అని చాటింపు వేస్తరు. కిరాణం కొట్టుల ఉప్పు ఇయ్యరు. హోటల్‌ల చాయ్ పొయ్యరు. ఆటో ఎక్కనియ్యరు. దున్నకానికి ట్రాక్టరు రాదు, కూలికి పిలుపు రాదు. డప్పు కొట్టమన్న ఎస్సీ వాడలు, కల్లు పైసల కాడ మాట తేడా వచ్చిన గౌడ కుటుంబాలు, భూమి తగాదల ఎదురు తిరిగిన చిన్న రైతులు, వీళ్లే బాధితులు. బలం ఉన్నోళ్లు బలం లేనోళ్ల మీద వాడినప్పుడు అది పోరాటం కాదు, దౌర్జన్యం. బహిష్కరణకు గురైన దొర పట్నంల బతికిండు. బహిష్కరణకు గురైన కూలీ యాడికి పోవాలె?

చట్టం ఊకోలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించిండ్రు. 2016 జనవరి 26 నుంచి అమలుల ఉన్నది. దళితులు, గిరిజనుల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించినా, విధిస్తమని బెదిరించినా నేరమే. కానీ బీసీ కుటుంబాన్ని వెలివేస్తే ఈ చట్టం అక్కరకు రాదు. పెనుగంగ దాటితే మహారాష్ట్ర. అక్కడ కుల పంచాయితీల ఆగడాలు చూసి 2016లో సాంఘిక బహిష్కరణ నిరోధక చట్టం చేసిండ్రు. 2017 జులై నుంచి అది అమలులకు వచ్చింది. ఏ కులమోళ్లను వెలివేసినా మూడేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా. నది అవతలి ఒడ్డున నేరమైంది ఇవతలి ఒడ్డున ఊరి తీర్మానం ఎట్లయితది?

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభల అంబేడ్కర్ గ్రామం గురించి కటువుగ మాట్లాడిండు. ఊరును పొగిడెటోళ్లను చూసి ఆయన ఆశ్చర్యపోయిండు. సంకుచితం, అజ్ఞానం, మతతత్వం పేరుకుపోయిన చోటు అన్నట్టే చెప్పిండు. ఆనాడు చానామందికి కోపం వచ్చింది. ఊరిని ప్రేమించే మనకు ఇయ్యాలటికీ ఆ మాట గుచ్చుకుంటది. కానీ వెలివాడ మీద వేసే ప్రతి చాటింపు ఆయన మాటను నిజం చేస్తున్నది. ఆయన మాట అబద్ధమని రుజువు చేసే బాధ్యత కమిటీ పెద్దల మీదనే ఉన్నది.

కమిటీ వద్దంటే ఎట్ల?

మాకు ఎదురొచ్చే మాటలు మాకు తెలుసు. కోర్టుకు పోతే ఏండ్లు పడతయి, కమిటీ కాడ పొద్దుమూకే లోపల తేలుతది అంటరు. నిజమే. సర్కారు ఆఫీసుల పైస లేనిది ఫైలు కదలదు, కమిటీ లేకుంటే ఊరు దిక్కులేనిదైతది అంటరు. అది కూడ కొంత నిజమే. మేం కమిటీలను మూసెయ్యమంటలేం. పోలీసులను పెట్టి పెద్దమనుషులందరినీ లోపలేయమనే అధికారుల మాట మాది కాదు. ఊరు తన పని తాను చేసుకోవుడు స్వయంపాలన. దానికోసమే కదా మనం కొట్లాడింది.

అయితే స్వయంపాలన అంటే అడిగెటోడు లేని పాలన కాదు. మన ఊరి ఆడవాళ్లను చూడండి. డ్వాక్రా సంఘంల పది, పన్నెండు మంది ఉంటరు. కూలికి పొయ్యెటోళ్లే చానామంది. వాళ్లకు పంచసూత్రాలున్నయి: క్రమం తప్పని మీటింగు, క్రమం తప్పని పొదుపు, సంఘంల అప్పులు, కిస్తీలు కట్టుడు, పుస్తకాల నిర్వహణ. ఎవరు ఎంత తీసుకున్నరో, ఎంత కట్టిండ్రో అందరికీ ఎరుక. బ్యాంకు ఖాతా, సంతకాలు, తీర్మానం పుస్తకం. అదే ఇంట్ల మొగాయన కమిటీ క్యాషియర్ అయితే లెక్క అంగీ జేబుల ఉంటది. ఏడాదికోసారి లొల్లి నడుమ రెండు ముక్కలు చదువుతడు. ఒక్క ఇంట్లనే భార్యకు ఒక నీతి, మొగనికి ఒక నీతా? సంఘం నడిపే అక్కలను కమిటీల కూసోబెడితే సగం రోగం కుదురుతది. కానీ చానా ఊర్లల్ల కమిటీ జంపుఖానా మీద ఆడమనిషి కనబడదు.

మన పక్క ఊర్ల పాఠాలు కూడ ఉన్నయి. వరంగల్ జిల్లా గీసుకొండ మండలం గంగదేవిపల్లి పనికో కమిటీ వేసుకున్నది. నీళ్లకొకటి, బడికొకటి, ఆరోగ్యానికొకటి. పెద్దరికం ఒక్కరి చేతుల గడ్డ కట్టకుండ ఊరంతా పంచుకున్నది. మద్యం వేలం వేసి కాదు, మద్యాన్ని ఊరి నుంచి ఎళ్లగొట్టి బాగుపడ్డది ఆ ఊరు.

ఇంకా దగ్గరి పాఠం గడ్చిరోలి జిల్లాది. ప్రాణహిత దాటితే వచ్చే జిల్లా. అక్కడి మేండా లేఖా మన ఆదిలాబాద్ గోండుల అన్నదమ్ముల ఊరు. ఊర్ల ఏ నిర్ణయమైనా గ్రామసభల అందరు ఒప్పుకుంటనే. ఒక్కరు కాదన్నా మళ్లా కూసుంటరు, మళ్లా మాట్లాడుతరు. నిర్ణయానికి ముందు చదువుకొని, చర్చించుకునే బృందాలు పెట్టుకున్నరు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సామూహిక అటవీ హక్కు సాధించిండ్రు. 2011లో తమ వెదురును తామే అమ్ముకునే అధికారం తెచ్చుకున్నరు. వాళ్లు ఎవరినీ వెలివేసి కాదు, ఎవరినీ విడిచిపెట్టకుండ సర్కారును వంచిండ్రు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఇసొంటి గూడెం పాలన కోసమే.

అమెరికా పండితురాలు ఎలినార్ ఆస్ట్రామ్‌కు 2009లో అర్థశాస్త్రం నోబెల్ వచ్చింది. చెరువులు, అడవులు, చేపలు, గడ్డి భూములు ఊరుమ్మడిగ ఎట్ల నిలుస్తయో లోకమంతా తిరిగి చూసిందామె. ఆమె తేల్చింది రెండు మాటల్లో చెప్పొచ్చు. కావలి కాసెటోళ్లు జనానికి జవాబు చెప్పే ఊర్లే నిలుస్తయి. తప్పు చేసినోన్ని మొదటిసారి మెల్లగ మందలించే ఊర్లే నిలుస్తయి. మొదటి మాటకే వెలివేసే ఊరు నిలువదు. మన నీరటి తాతలకు ఇది పుస్తకం చదువకుండనే తెలుసు.

పట్నంల కూడ ఇదే కథ

ఇది పల్లె ముచ్చట, మనకెందుకు అని కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్ పట్నాల పాఠకులు అనుకోవద్దు. పట్నంల వాడకట్టు సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు ఉన్నయి. సీసీ కెమెరాలకు చందా, గణేశ్ మండపానికి చందా, మోరీ తీయించుడు, నల్లా లొల్లి, అన్నీ వాళ్లే చూస్తరు. అక్కడ వెలివేసుడు వేరే తీరుగ ఉంటది. కిరాయికి ఇల్లు ఎవరికి ఇయ్యొద్దో చెవిల చెప్పుకుంటరు. మాంసం వండెటోళ్లు, ఫలానా మతమోళ్లు, ఒంటరి ఆడపిల్లలు వద్దంటరు. చాటింపు లేదు, అంతే తేడా.

1992లో 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీల ఊసెత్తింది. 2019 మున్సిపల్ చట్టంల ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమన్నరు: యువకులకు, మహిళలకు, పెద్ద వయసోళ్లకు, ఊరి ప్రముఖులకు ఒక్కొక్కటి. కాయితం మీద మంచిగనే ఉన్నది. వాటిని పిలిచి కూసోబెట్టి, వార్డు బడ్జెట్ ముంగట పెడితేనే వాడకట్టు పెద్దలు చట్టం లోపలికి వస్తరు. పిలువకపోతే బయటనే ఉండి తమ సొంత చట్టం రాసుకుంటరు.

మేం అడిగేది

కమిటీ పెద్దలారా, మా మాటలు చేదుగ ఉంటే ఓర్చుకోండి. మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. మూడు నెలలకోసారి జమ, ఖర్చు పంచాయతీ ఆఫీసు గోడకు అతికించండి. పైస జేబుల కాదు, ఇద్దరి సంతకాల బ్యాంకు ఖాతాల ఉండాలె. 2001 సొసైటీల చట్టం కింద కమిటీని రిజిస్టర్ చేయించండి. పాత కమిటీ లెక్క ఒప్పజెప్పినంకనే కొత్త కమిటీ కూసోవాలె. సగం మంది ఆడవాళ్లు ఉండాలె. దళితవాడ మనిషిని దళితవాడనే ఎన్నుకోవాలె, పెద్ద కులపోళ్లకు నచ్చినోన్ని కాదు.

బెల్టు షాపు వేలం బంద్ కావాలె. పదవుల వేలం బంద్ కావాలె. వెలి అన్న మాట కమిటీ నోట రావద్దు. పంచాతి చెప్పాలంటే ఇరువైపులా ఇష్టపడి వస్తేనే చెప్పండి, వచ్చినోళ్లతోని డిపాజిట్ పెట్టించొద్దు. ఆడవాళ్ల మీద అఘాయిత్యం, కులం పేరుతో దాడి, వీటి మీద రాజీ కుదిర్చే హక్కు ఏ పెద్దమనిషికీ లేదు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆమ్దానీతోని పని లేకుండ ఉచితంగ వకీలును ఇస్తరు. ఆ తొవ్వ చూపెట్టుడే అసలు పెద్దరికం.

సర్కారును కూడ అడుగుతున్నం. మహారాష్ట్ర తీరుగ అన్ని కులాల వాళ్లను కాపాడే బహిష్కరణ నిరోధక చట్టం తేవాలె. పంచాయతీ ఎన్నికలు గడువు దాటకుండ పెట్టాలె. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలె. అది జరిగితే కమిటీ చేసే చర్చలల్ల సగం అక్కడనే జరుగుతయి. ఆదిలాబాద్ ఏజెన్సీల 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాలను కాయితం మీదికెల్లి గూడెంలకు దించాలె. చట్టబద్ధమైన తలుపు మూసి పెట్టి, దొడ్డి తలుపుల వచ్చినోళ్ల మీద కేసులు పెడితే ఏం లాభం?

విద్యార్థి మిత్రులారా, పండుగకు ఊరికి పోయినప్పుడు ఫోన్ పక్కన పెట్టి కమిటీ లెక్క పుస్తకం ఒకసారి అడగండి. లెక్క రాసుడు రాని క్యాషియర్ ఉంటే కూసొని రాసిపెట్టండి. ఉద్యోగ సోదరులారా, ఆఫీసుల మీరు దినాం రశీదులు, వోచర్లు చూస్తరు. రిటైరైన సార్లు, ఆడిట్ తెలిసినోళ్లు ఏడాదికోసారి మీ సొంతూరు లెక్కను ఉచితంగ తనిఖీ చేసి పెట్టండి. ఆ కమిటీ పెద్ద పైస తీసుకోకుండ పని చేస్తున్నడు కదా, మీరు కూడ ఒక్కపూట చెయ్యండి. అడగబోతే ఊరికి చెడ్డోళ్లం అయితమని భయపడొద్దు. నిజాయితీగ పని చేసే పెద్దకు మీ ప్రశ్న అవమానం కాదు, ఆయనకు అదే రక్ష. లెక్క బయట పెట్టిననాడు ఆయన మీద పడే నిందలన్నీ గోడకు అతికించిన కాయితం ముంగటనే ఆగిపోతయి.

ఈసారి మీ ఊర్ల కమిటీ మారేనాడు కొత్త అధ్యక్షునికి దండ వేసే ముందు ఒక్క పని చెయ్యండి. పోయిన ఏడాది జమ ఎంత, ఖర్చు ఎంత, ఎవరి మీద ఎంత దండుగ, అది ఎందుకో అందరు వినేటట్టు మైకుల చదవమనండి. ఎవరినన్న వెలివేసి ఉంటే వాళ్లను పేరు పెట్టి పిలిచి ముందు వరుసల కూసోబెట్టండి. ఆ రెండూ జరిగినంకనే దండ వెయ్యండి.